క్రిస్టినా మిల్లర్: బడిలో చోటు దొరకని గురువు



షోలాపూరులోని తెలుగు మాధ్యమ పాఠశాలలో నేను పనిచేసిన కాలంలో, ప్రతి ఏడూ ఫిబ్రవరి 28న, జాతీయ విజ్ఞాన దినోత్సవం నాడు, పిల్లల చేత శాస్త్రవేత్తల బొమ్మలు గీయించి గోడకు అంటించే ఆనవాయితీ ఉండేది. రామన్, జగదీశ్ చంద్ర బోస్, న్యూటన్, ఐన్‌స్టీన్ తప్పక ఉండేవారు. స్త్రీల వరుసలో మాత్రం మేడమ్ క్యూరీ ఒక్కరే. ఒక ఏడాది ముందు వరుసలో కూర్చున్న ఏడవ తరగతి అమ్మాయి లేచి, "సారూ, ఆడోళ్లల్ల ఈమె ఒక్కతేనా?" అని అడిగింది. "చాలామంది ఉన్నారమ్మా, తరువాత చెబుతాను" అని తప్పించుకున్నాను. నిజానికి చెప్పడానికి నాకు ఇంకొక పేరు తెలియదు.

మన రసాయన శాస్త్ర పాఠాలలో స్కాట్లాండు దేశస్థుల పేర్లకు కొదవ లేదు. బొగ్గుపులుసు వాయువునూ గుప్తోష్ణాన్నీ పరిశోధించిన జోసెఫ్ బ్లాక్ ఎడిన్‌బరో ఆచార్యుడు. వాయు వ్యాపన నియమం చెప్పిన థామస్ గ్రాహమ్ గ్లాస్గోలో పుట్టినవాడు. జడవాయువులను కనుగొని 1904లో నోబెల్ బహుమతి పొందిన విలియం రామ్సేదీ గ్లాస్గోనే. ఈ పేర్లన్నీ నేను పిల్లల చేత వల్లె వేయించినవే. అదే దేశంలో, అదే శాస్త్రంలో క్రిస్టినా మిల్లర్ అనే ఒక స్త్రీ ఉండేదని పదవీ విరమణ తరువాత తీరికగా చదువుకుంటున్నప్పుడు తెలిసింది. ఆనాటి ప్రశ్నకు ఆలస్యంగానైనా సమాధానం చెప్పాలన్న కోరికతో ఈ వ్యాసం రాస్తున్నాను.

ఆమె కథ చెప్పే ముందు ఆమె చదివిన విశ్వవిద్యాలయం గురించి ఒక మాట చెప్పాలి. 1869లో సోఫియా జెక్స్-బ్లేక్ అనే ఆమె నాయకత్వంలో కొందరు స్త్రీలు వైద్యం చదవడానికి ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చేరారు. పురుషులతో కలిపి కాకుండా వారికి వేరుగా పాఠాలు చెప్పేవారు. మరుసటి ఏడాది రసాయన శాస్త్ర పరీక్షలో ఎడిత్ పీచీ అనే యువతి అగ్రస్థానంలో నిలిచింది. ఆ స్థానానికి రావలసిన హోప్ విద్యార్థి వేతనాన్ని ఆచార్యుడు ఆమెకు ఇవ్వలేదు. స్త్రీలు వేరే తరగతిలో చదివారన్న సాకు చెప్పి, ఆమెకంటె తక్కువ మార్కులు వచ్చిన పురుషునికి ఇచ్చాడు. ఇందులో చిత్రమేమిటంటే, 1820ల నాటి ఆచార్యుడు హోప్ పట్టణంలోని స్త్రీల కోసం రసాయన శాస్త్ర ఉపన్యాసాలు ఇచ్చి, వారు చెల్లించిన రుసుముతో ఏర్పరచిన నిధి అది! స్త్రీల డబ్బుతో పుట్టిన బహుమతి స్త్రీకి దక్కలేదు.

ఎడిత్ పీచీ తరువాత స్విట్జర్లాండులోని బెర్న్ నగరంలో వైద్య పట్టా పుచ్చుకున్నది. 1883లో మన బొంబాయికి వచ్చి, కామా ఆసుపత్రి వైద్యాధికారిణిగా ఏళ్ల తరబడి పనిచేసింది. 1890లో బొంబాయి హిందువులను ఉద్దేశించి బాల్యవివాహాలకు వ్యతిరేకంగా ప్రసంగించింది. ఎడిన్‌బరో ఆ తొలి ఏడుగురు స్త్రీలకు వారు పోయిన ఎంతోకాలానికి, 2019లో, గౌరవ పట్టాలు ఇచ్చి తన తప్పు దిద్దుకున్నది.

క్రిస్టినా క్రుక్‌షాంక్ మిల్లర్ 1899 ఆగస్టు 29న గ్లాస్గో సమీపంలోని కోట్‌బ్రిడ్జ్ అనే ఇనుప కార్ఖానాల ఊరిలో పుట్టింది. ఆమె ఎదిగే నాటికి స్కాట్లాండు విశ్వవిద్యాలయాల తలుపులు స్త్రీలకు తెరుచుకున్నాయి. కాని ఆమెకు వేరొక తలుపు మూసుకుపోయింది. ఐదేళ్ల వయసులో తట్టు, అంటే కొన్ని చోట్ల పొంగు అనే జబ్బు, వచ్చి తగ్గింది గాని పోతూపోతూ వినికిడిని దెబ్బతీసి పోయింది.

ఆ రోజులలో సైన్సు మీద మక్కువ ఉన్న ఆడపిల్లకు చదువు తరువాత కనబడే దారి దాదాపు ఒక్కటే: బడిలో పంతులమ్మ కావడం. చెవులు సరిగా వినపడని మనిషి తరగతి గదిని ఎలా నడుపుతుంది? ఆ కారణంగా ఉపాధ్యాయ వృత్తి ఆమెకు అందలేదు. మన వృత్తి ఆమెకు "నువ్వు పనికిరావు" అన్నదన్నమాట. ఆ నిరాశలో ఉన్న అమ్మాయి ఒక పత్రికలో, పరిశ్రమలలో రసాయన విశ్లేషణ చేసే ఉద్యోగాలకు స్త్రీలకు అవకాశం ఉన్నదన్న వ్యాసం చదివింది. ఆ ఒక్క వ్యాసమే ఆమె బతుకుదారిని మార్చింది. పిల్లల చేతికి పత్రికలు అందించడం దండగ అనుకునే పెద్దలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

1917లో, మొదటి ప్రపంచయుద్ధం ఇంకా సాగుతుండగా, ఆమె ఎడిన్‌బరో వెళ్లి ఒకేసారి రెండు చదువులలో చేరింది. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో బి.ఎస్‌సి., హెరియట్-వాట్ కళాశాలలో పారిశ్రామిక రసాయన శాస్త్రంలో డిప్లొమా. ఈ రెండవ సంస్థ 1869 నుంచే స్త్రీలను చేర్చుకుంటున్న చోటు. 1920లో ప్రత్యేక శ్రేణిలో పట్టా వచ్చింది. వాన్స్ డన్‌లప్ విద్యార్థి వేతనంతో ఆచార్య జేమ్స్ వాకర్ దగ్గర పరిశోధన మొదలుపెట్టి 1924లో పిహెచ్.డి. పొందింది.

ఆ తొలి పరిశోధన ఐన్‌స్టీన్‌తో ముడిపడినది. ఒక ద్రవంలో కరిగిన పదార్థం ఎంత త్వరగా వ్యాపిస్తుందనేది ఆ ద్రవపు స్నిగ్ధత మీద, అంటే చిక్కదనం మీద, ఆధారపడి ఉంటుంది. నీటిలో చక్కెర కదిలినంత చురుకుగా ఆముదంలో ఏదీ కదలదు గదా! ఈ సంబంధాన్ని లెక్కగట్టి చెప్పే సూత్రాన్ని స్టోక్స్-ఐన్‌స్టీన్ నియమం అంటారు. అది కాగితం మీద ఉన్న సూత్రం. ద్రావణాలలో అది ఎంతవరకు నిలుస్తుందో మిల్లర్ ప్రయోగం చేసి పరీక్షించింది. 1924లో అచ్చయిన ఆ పత్రాన్ని తరువాతి తరాల పరిశోధకులు కూడా ఉటంకిస్తూ వచ్చారు.

ఆమెకు పేరు తెచ్చిన పని మాత్రం భాస్వరం మీద జరిగింది. తెల్ల భాస్వరం గాలి తగిలితే చీకటిలో ఆకుపచ్చని కాంతితో మెరుస్తుంది. 1669లో హామ్‌బర్గ్ నగరవాసి హెన్నిగ్ బ్రాండ్ దానిని కనుగొన్ననాటి నుంచి ఆ మెరుపు మనుషులను ఆకర్షిస్తూనే ఉన్నది. భాస్వరాన్ని చాలీచాలని గాలిలో మండిస్తే భాస్వర ట్రైఆక్సైడ్ అనే మైనం వంటి తెల్లని పదార్థం ఏర్పడుతుంది. ఇరవై నాలుగు డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది, షోలాపూరు ఎండలకైతే ఎప్పుడూ ద్రవంగానే ఉంటుంది. ఈ ట్రైఆక్సైడ్ కూడా గాలిలో మెరిసేది. అందువల్ల మెరవడం దాని స్వభావమేనని రసాయన శాస్త్రజ్ఞులు నమ్మారు. భాస్వరపు మెరుపును వివరించే సిద్ధాంతాలలోకి కూడా ఆ నమ్మకం చేరింది.

మిల్లర్ అడిగిన ప్రశ్న చాలా మామూలుది: మనం చూస్తున్నది నిజంగా స్వచ్ఛమైన ట్రైఆక్సైడేనా? అంతకు ముందు తయారుచేసిన నమూనాలలో తెల్ల భాస్వరం కొద్దిగా కరిగి ఉండిపోయేది. అది కంటికి కనబడదు, సులభంగా విడిపోదు. ఆమె ఎంతో ఓపికతో శుద్ధిచేసి, ఆ కలుషితాన్ని తొలగించి చూసింది. స్వచ్ఛమైన ట్రైఆక్సైడ్ మెరవలేదు! అంతవరకు దానిది అనుకున్న వెలుగు దానిలో దాగి ఉన్న పిసరంత భాస్వరానిది. ఈ పనికి 1929లో ఎడిన్‌బరో రాయల్ సొసైటీ కీత్ బహుమతి ఇచ్చింది. అదే ఏడాది డి.ఎస్‌సి. పట్టా కూడా వచ్చింది. ఆ ఏడాదే ఆమెకు ముప్పై ఏళ్లు నిండాయి.

ఈ ప్రయోగం గురించి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. కారణం చెప్పాలంటే నేను చేసిన ఒక తప్పు ఒప్పుకోవాలి.

మొదట చెప్పిన ఆ ఏడవ తరగతి అమ్మాయి అంతకు ముందు చివరి వరుసలో కూర్చునేది. పిలిస్తే పలికేది కాదు. ఉక్తలేఖనం చెబితే సగం మాటలు వదిలేసేది, మిగిలిన సగం తప్పులు రాసేది. "కాలం" అంటే "గాలం" అని రాసేది. తండ్రి మరమగ్గం నడిపేవాడు, తల్లి బీడీలు చుట్టేది. ఒకరోజు తల్లి వచ్చి, "మా పోరికి సదువు అబ్బుత లేదు సారూ. మరాఠీ బడిల ఏస్తే బాగుపడుతదా?" అని అడిగింది. నేను గంభీరంగా, "ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ కలిసి పిల్లకు గందరగోళంగా ఉన్నట్టుందమ్మా. పై ఏడాది మార్చి చూడండి. లేకుంటే కుట్టుపని నేర్పించండి" అన్నాను. తెలుగు బడి పంతులును నేనే తెలుగు మీద నేరం మోపాను.

రెండు వారాలకు ధ్వని పాఠం వచ్చింది. శ్రుతిదండాన్ని మోగించి, శబ్దం వినిపించినంతసేపు చేయి ఎత్తి ఉంచండని చెప్పాను. అందరి చేతులూ ఎత్తి ఉండగానే ఆ అమ్మాయి చేయి దించేసింది. అల్లరి అనుకుని దగ్గరకు వెళ్లి మళ్లీ మోగించాను. మళ్లీ అంతే. ఎముకల గుండా కూడా శబ్దం ప్రయాణిస్తుందని చూపడం ఆనాటి పాఠంలో భాగమే. శ్రుతిదండపు కాడను ఆమె చెవి వెనుక ఎముకకు ఆనించాను. పిల్ల ముఖం ఒక్కసారిగా విప్పారింది. "ఇప్పుడు ఇనబడుతున్నది సారూ!" అన్నది.

గాలి గుండా వినపడనిది ఎముక గుండా వినపడితే లోపం చెవి బయటిభాగంలోనో మధ్యభాగంలోనో ఉండే అవకాశం ఎక్కువ. తల్లిని పిలిపించి అడిగితే, చిన్నప్పుడు చాలాకాలం చెవి కారిందని, ఆకుపసరు పోశామని చెప్పింది. మగ్గాల చప్పుడులో ఆ ఇంట్లో అందరూ అరిచే మాట్లాడుకుంటారు, అందువల్ల బిడ్డకు వినపడడం లేదని ఎవరూ గుర్తించలేదు. వైద్యం జరిగింది. వినికిడి పూర్తిగా రాలేదు గాని కొంత మెరుగుపడింది. ముందు వరుసలోకి మార్చాను, బోర్డువైపు తిరిగి మాట్లాడే అలవాటు నేను మానుకున్నాను. ఆ ఫిబ్రవరిలో, "ఆడోళ్లల్ల ఈమె ఒక్కతేనా?" అని అడిగింది ఆ పిల్లే.

ట్రైఆక్సైడ్ మెరుస్తుందని అందరూ నమ్మినట్టే, ఆ పిల్ల మొద్దు అని నేను నమ్మాను. తెలుగు అడ్డుపడుతున్నదని తేల్చేశాను. ఆ మొద్దుతనం పిల్లది కాదు, తెలుగుదీ కాదు. కనబడకుండా కలిసిపోయిన మరొకదానిది. దానిని వేరుచేసి చూసే ఓపిక నాకు లేకపోయింది. మిల్లర్‌కు ఉండేది.

ఇక ఆమె కథకు వస్తాను. 1930లో ప్రయోగశాలలో జరిగిన పేలుడులో ఆమెకు ఒక కంటి చూపు పోయింది. చెవులు ముందే సరిగా లేవు, ఇప్పుడు ఒక కన్ను. భాస్వరం పరిశోధన అక్కడితో ఆగిపోయింది. ఇంకెవరైనా అయితే ఇంటికి వెళ్లిపోయేవారు. ఆమె విషయాన్ని మార్చుకుని సూక్ష్మ విశ్లేషణ వైపు మళ్లింది. అంటే, పిడికెడు పదార్థం అవసరం లేకుండా, గ్రాములో వెయ్యవ వంతు లెక్కన తూచవలసిన కొద్దిపాటి నమూనాలో ఏయే మూలకాలు ఎంతెంత ఉన్నాయో తేల్చే విద్య. అరుదైన రాళ్ల నుంచి చిన్న తునక మాత్రమే దొరికే భూగర్భ శాస్త్రజ్ఞులకు ఇటువంటి పద్ధతులు ఎంతో అవసరం.

1933లో విశ్వవిద్యాలయం ఆమెకు లెక్చరర్ పదవి ఇచ్చి, విద్యార్థుల ప్రయోగశాల నిర్వహణ అప్పగించింది. చెవుడు కారణంగా బడిలో పాఠం చెప్పడానికి పనికిరాదన్న మనిషి చేతికి ఒక విశ్వవిద్యాలయం తన విద్యార్థుల చేతిపనిని అప్పగించింది! లవణ విశ్లేషణ, మన కళాశాల పిల్లలు సాల్ట్ అనాలిసిస్ అనేది, చెవి కంటె కంటితో నేర్చుకునే పాఠం. అవక్షేపం రంగు, జ్వాల రంగు, బుడగలు వచ్చే తీరు చూడాలి. పిల్లవాడి పరీక్షనాళికలో ఏమున్నదో, చేయి ఎక్కడ తొందరపడిందో పక్కన నిలబడి చూడాలి. ఆ పనిని ఆమె సుమారు ఇరవై ఎనిమిదేళ్లు చేసింది.

1949 మార్చి 7న ఎడిన్‌బరో రాయల్ సొసైటీ తన చరిత్రలో మొదటిసారిగా ఐదుగురు స్త్రీలను సభ్యులుగా ఎన్నుకున్నది. షార్లెట్ ఆవర్‌బాక్, హోనర్ ఫెల్, షీనా మార్షల్, ఎథెల్ డాబీ కరీ, క్రిస్టినా మిల్లర్. వారిలో రసాయన శాస్త్రజ్ఞురాలు మిల్లర్ ఒక్కరే. ఆ సంస్థ పుట్టింది 1783లో. మిల్లర్‌కు బహుమతి ఇచ్చింది 1929లో. బహుమతికి అర్హురాలైన మనిషి సభ్యత్వానికి అర్హురాలని ఒప్పుకోవడానికి వారికి ఇంకా ఇరవై ఏళ్లు పట్టింది.

ప్రొఫెసర్ పదవి మాత్రం ఆమెకు రాలేదు. వినికిడి మరింత క్షీణించడం వల్ల, ఇంటి పరిస్థితుల వల్ల 1961లో పదవీ విరమణ చేసింది. ఆ తరువాత నలభై ఏళ్లు జీవించి 2001 జూలై 16న, నూటొక్క ఏళ్ల వయసులో కన్నుమూసింది. పందొమ్మిదవ శతాబ్దంలో పుట్టి, ఇరవైయొకటవ శతాబ్దాన్ని చూసి వెళ్లింది. అదే ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో చదివి అక్కడే రసాయన శాస్త్ర ఆచార్యురాలైన లెస్లీ యెల్లోలీస్ 2012లో బ్రిటన్ రాయల్ సొసైటీ ఆఫ్ కెమిస్ట్రీకి తొలి మహిళా అధ్యక్షురాలైంది. 1841 నాటి కెమికల్ సొసైటీ నుంచి లెక్కిస్తే అది నూటడెబ్బై ఒక్క ఏళ్ల నిరీక్షణ. ఎడిత్ పీచీకి దక్కని బహుమతి నుంచి ఈ పదవి దాకా సాగిన దారిలో మిల్లర్ నడిచిన దూరం తక్కువది కాదు.

మన బడుల సంగతి మీకు తెలియనిది కాదు. హోసూరులోనైనా, పర్లాకిమిడిలోనైనా, షోలాపూరులోనైనా తెలుగు చదివే పిల్ల వెనుకబడితే మొదట అనుమానించేది తెలుగునే. తల్లిదండ్రులు అనుమానిస్తారు, అధికారులు అనుమానిస్తారు, నావంటి పంతుళ్లు కూడా అనుమానిస్తారు. మాధ్యమం వల్ల ఇబ్బందులు లేవని నేను అనను. పై చదువులలో ఉన్నాయి. కాని ఆ మాట అనే ముందు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. పిల్లకు వినిపిస్తున్నదా? బోర్డు కనిపిస్తున్నదా? పొద్దున ఏమైనా తిని వచ్చిందా? ఇంట్లో చిన్నవాళ్లను చూసుకుంటూ నిద్ర మానుతున్నదా? వీటిని ఒక్కొక్కటిగా తీసివేసి చూడాలి. ఆ తరువాత మిగిలేది ఏదో, అదే మాధ్యమం వల్ల వచ్చినది.

ఉపాధ్యాయులు ఏడాదికి ఒక్కసారైనా తరగతిలో శ్రుతిదండం మోగించండి. అది పాఠమూ అవుతుంది, పరీక్షా అవుతుంది. అయితే మనం వైద్యులం కాము, అనుమానం వస్తే ఆసుపత్రికి పంపడం వరకే మన పని. తల్లిదండ్రులు బిడ్డ చెవి కారితే పసరు పోయకండి, వైద్యునికి చూపించండి. తట్టుకు టీకా ఉన్నది, తప్పక వేయించండి. క్రిస్టినా కాలంలో అది లేదు.

ఆ అమ్మాయి పెద్ద శాస్త్రవేత్త అయిందని చెప్పి మీకు కథ అల్లను. మరాఠీ మాధ్యమంలో పదవ తరగతి దాటింది. ఇప్పుడు ఒక మందుల దుకాణంలో పనిచేస్తున్నది, సాయంత్రాలు తన బిడ్డకు తెలుగు అక్షరాలు దిద్దిస్తున్నది. ఈమధ్య బజారులో కనబడి, దగ్గరకు వచ్చి, నా ముఖంలోకి చూస్తూ పలకరించింది. "అమ్మా, నువ్వు అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది" అన్నాను. ఏ ప్రశ్నో ఆమెకు గుర్తులేదు. అక్కడే నిలబడి, ఆమెవైపు తిరిగి, నెమ్మదిగా, క్రిస్టినా మిల్లర్ పేరు రెండుసార్లు చెప్పాను. రెండవసారి ఆమె ఆ పేరును తప్పు లేకుండా పలికింది.